837 మీద నిలిచిన ముల్లు

విశాఖపట్నం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. డల్లాస్‌లో కూర్చుని ఫోనులో ఇంటర్నెట్ ద్వారా విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రసారాలను పొల్లుపోకుండా వింటున్నానని, ఇక నేను నా పాత ట్రాన్సిస్టరును నిశ్చింతగా అటకెక్కించవచ్చునని నీవు రాసిన వాక్యం చదివి మీ చెల్లెలు ఎంత సంబరపడిందో చెప్పలేను. ఆ పెట్టె మీది దుమ్ము తుడవలేక చస్తున్నానని ఆమె పదేళ్లుగా అంటూనే ఉంది. ఇప్పుడు అమెరికా నుంచి సాక్ష్యం కూడా దొరికింది. నీ మాటలో సగం ఒప్పుకుంటాను. మిగిలిన సగం దగ్గర పేచీ ఉంది కనుకనే ఇంత పొడుగు జాబు రాయవలసి వస్తున్నది.

ఒప్పుకోవలసింది ముందు చెబుతాను. ధ్వని విషయంలో నీదే గెలుపు. మీడియం వేవ్‌లో ఒక స్టేషనుకూ పక్క స్టేషనుకూ మధ్య ఉండేది 9 కిలోహెర్ట్జ్‌ల ఎడం మాత్రమే కనుక, ఆ ఇరుకులో పట్టేందుకు పాటలోని సన్నని పై స్వరాలను కత్తిరించి పంపవలసి వస్తుంది. అందుకే మన చిన్నప్పుడు కచేరీలలో తంబుర అంటే గోడ అవతల తుమ్మెద ఝుంకారంలా ఉండేది. మొన్న అబ్బాయి నా ఫోనులో 'న్యూస్ ఆన్ ఎయిర్' అనే ఆకాశవాణి యాప్ పెట్టి ఇచ్చినప్పుడు, వీణ తీగె మీద వేలు జారే చప్పుడు కూడా వినిపించి నివ్వెరపోయాను. పైగా ఆకాశవాణి స్టేషన్లు రెండు వందలకు పైగా అందులో వరుసగా ఉన్నాయి. కడప కావాలంటే కడప, తిరువనంతపురం కావాలంటే తిరువనంతపురం. రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం షార్ట్ వేవ్ మీద మనం పడ్డ పాట్లు గుర్తున్నాయా? పల్లవి దగ్గరికి వచ్చి, చరణం సముద్రంలో మునిగి, మళ్లీ చివర్లో తేలేది. ఆ కష్టాన్ని తలచుకుని మురిసిపోయేంత వెర్రి నాకు లేదు.

కానీ, మా ఇంట్లో ఆ మర్ఫీ రేడియోను నీవూ చూశావు. మీట తిప్పగానే పలికేది కాదు. వాల్వులు వేడెక్కి లోపల పసుపు వెలుగు వచ్చేదాకా ఎదురుచూడాలి. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి తీగెల జాలీ పట్టీని ఏరియల్‌గా కట్టి ఉండేవాళ్లం. దాని మీద తడి తువ్వాలు ఆరవేసినందుకు నాన్నగారు నన్ను ఒకసారి చెవి మెలిపెట్టారు. ఏటేటా పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుము కట్టివచ్చేవారు. ఇంట్లో పాట వినడానికి సర్కారు లైసెన్సు ఉండేదంటే మా మనుమరాలు నమ్మడం లేదు. ఆ రేడియో ముల్లు ఎప్పుడూ విజయవాడ మీదే, అంటే 837 కిలోహెర్ట్జ్ మీదే, నిలిచి ఉండేది. ఎన్నడైనా హైదరాబాదు కావలసివస్తే 738. ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి తిరగేసినట్టు ఉన్నాయన్న సంగతి నీవే కనిపెట్టి లెక్కల మాస్టారి దగ్గర మెప్పు కొట్టేశావు. ఇప్పటికీ నేను మరచిపోలేదు, కొంచెం అసూయతోనే.

ఇక పేచీ. కిందటి ఆదివారం ఉదయం నేను వరండాలో ట్రాన్సిస్టరు పెట్టుకున్నాను. మీ చెల్లెలు వంటింట్లో ఫోనులో అదే విజయవాడ కేంద్రాన్ని పెట్టుకుని ఉప్మా కలుపుతున్నది. ప్రాంతీయ వార్తలు చదివే ఆవిడ నా దగ్గర ఒక వాక్యం ముగించి తరువాతి వాక్యంలో సగం దాటాక, వంటింట్లో ఇంకా మొదటి వాక్యమే నడుస్తున్నది. వర్షం కబురు నేను ముందే చెప్పేస్తే, "నీకెలా తెలుసు?" అని ఆమె గరిటె పట్టుకునే వచ్చింది. రేడియో తరంగమైతే ప్రసార స్తంభం నుంచి సెకనులో వందోవంతు కూడా పట్టకుండా వచ్చి వాలుతుంది. ఇంటర్నెట్‌లో అయితే ధ్వనిని ముక్కలుగా చేసి, సర్వర్లు దాటించి, దారిలో తెగిపోకుండా ఫోను కొన్ని ముక్కలను ముందుగా దాచుకుని, ఆ తరువాతే పలుకుతుంది. ఆ దాపరికానికి అయ్యే కాలమే ఆ ఆలస్యం. వార్తలకు అదేమంత నష్టం కాదులే. కానీ మా నాన్నగారు గంట వేళకు వచ్చే ఆ 'పీప్' శబ్దాలు విని, ఆఖరిది పలికిన క్షణంలో గోడ గడియారం ముల్లును సరిచేసేవారు; ఆ పని నీ ఫోనుతో చేస్తే గడియారం జీవితాంతం వెనకబడే ఉంటుంది. క్రికెట్ వ్యాఖ్యానం ఫోనులో వినేవాడి పరిస్థితి మరీ ఘోరం: పక్కింట్లో ట్రాన్సిస్టరు ఉంటే, వికెట్ పడిందని వారు అరిచిన తరువాత వీడికి బౌలర్ పరుగు మొదలవుతుంది.

నీకు ఇంకొక విచిత్రం ఉంది, గమనించావో లేదో. ఇక్కడ 6:45కు వచ్చే ప్రాంతీయ వార్తలు వేసవిలో మీకు రాత్రి 8:15కు వినిపిస్తాయి. అలాగే మా ఉదయపు భక్తిరంజనిని నీవు రాత్రి భోజనం ముందు కూర్చుని వింటావు. మేము కళ్లు నులుముకుంటూ వింటాము. మన ఊళ్లో అయితే రేడియో కార్యక్రమాలే గడియారానికి బదులుగా ఉండేవి: సంస్కృత వార్తలు మొదలయ్యాయంటే 6:55 అయిందని, ఇంకా స్నానం చేయనివాడికి తన్నులు తప్పవని మనకు తెలుసు. ఇంటర్నెట్ స్టేషనును మా దగ్గరి నుంచి నీ దగ్గరికి తెచ్చింది, కానీ ఉదయాన్ని తేలేకపోయింది. ఇది నీ తప్పు కాదు, భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చిన చిక్కు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మా మీద పడిన సంగతి నీకు తెలుసు. ఆ సాయంకాలానికి కరెంటు లేదు, టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి, నీవు ఎంత ప్రయత్నించినా నా ఫోను పలకలేదని తరువాత చెప్పావు. రాత్రి చీకట్లో గోడ గడియారంలోని పెన్సిల్ బ్యాటరీలు రెండు ఊడదీసి ట్రాన్సిస్టరులో వేశాను. పగటిపూట గరగరలాడే విజయవాడ రాత్రి స్పష్టంగా వచ్చింది. సూర్యుడు పోయాక ఆకాశంలో మీడియం వేవ్‌ను మింగివేసే పొర కరిగిపోయి, ఇంకా పైనున్న పొర దాన్ని కిందికి తిప్పి కొడుతుంది కనుక. లోపల తరంగాలను పట్టే ఫెర్రైట్ కడ్డీకి దిశ ముఖ్యం; పెట్టెను అటూ ఇటూ తిప్పి, పైకప్పు రేకు పోయిన వైపుకు మొహం పెట్టిస్తే గొంతు నిలిచింది. వీధిలో నలుగురు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఒక్క మనిషి విన్నా లక్ష మంది విన్నా ఆ ట్రాన్స్‌మిటరుకు శ్రమ ఒకటే. నీ ఫోనుకైతే ఒక్కొక్కరికీ వేరుగా పంపాలి, అందరూ ఒకేసారి అడిగితే దారి ఇరుకవుతుంది. అదీగాక రేడియో మనం వింటున్నామో లేదో ఎవరికీ చెప్పదు. ఫోను అలా కాదని నీకు నేను చెప్పనక్కరలేదు. నీ ఉద్యోగమే అది.

అయితే ట్రాన్సిస్టరుకూ కాలం కలిసిరావడం లేదు. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు వచ్చినప్పటి నుంచి మీడియం వేవ్‌లో గుర్రుమనే చప్పుడు ఒకటి కాపురం పెట్టింది. అన్నిటికన్నా దుష్టురాలు ఎవరంటే ఫోను ఛార్జరు. దాన్ని గోడకు పెట్టగానే విజయవాడ స్టేషను చీమల పుట్టలోకి దూరినట్టు అవుతుంది. రెండు రేడియోలకూ పోటీ అని నీవు రాశావు కదా, మా ఇంట్లో అది అక్షరాలా నిజం.

వచ్చే ఆదివారం పొద్దున్న, నీకు శనివారం రాత్రి 8:15కు, నీకు ఫోను చేస్తాను. నా ట్రాన్సిస్టరు ఫోను పక్కన ఉంటుంది, నీవు నీ యాప్ పెట్టుకో. వార్తలు చదివే ఆవిడ 'నమస్కారం' నా దగ్గర ఎప్పుడు, నీ దగ్గర ఎప్పుడు పలుకుతుందో, మధ్యలో ఎన్ని క్షణాలో లెక్కపెట్టు. నీ లెక్కల మీద నాకు ఇప్పటికీ నమ్మకమే. ఛార్జరును మాత్రం ముందు రోజు రాత్రే పీకి దాచేస్తాను. మీ చెల్లెలికి చెప్పకు.

ఇట్లు,
నీ బాల్యమిత్రుడు