అమ్మ రిపోర్టుల కోసం ఎదురుచూసిన రోజుల్లో మాకు అండగా నిలిచినవారికి

అమ్మ మెడ దగ్గర గడ్డలకు బయాప్సీ చేయించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. చివరి రిపోర్టు మొన్న చేతికి వచ్చింది. క్యాన్సర్ కాదు, లింఫు గ్రంథులకు వచ్చిన క్షయ. మామూలు మందులకు లొంగే రకమే. ఈ కబురు అందరికీ చెప్పి, ఇన్నాళ్లూ మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నవారికి కృతజ్ఞతలు తెలుపుకుందామని రాస్తున్నాను.

మొదటి నమస్కారం ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు. తీసిన గ్రంథిని ఆమె రెండు ముక్కలు చేసి ఒకటి ఫార్మలిన్‌లో, మరొకటి సెలైన్‌లో వేయించారు. ఎందుకో మాకు తరువాత తెలిసింది. ఫార్మలిన్‌లో కణజాలం చెడిపోకుండా ఉంటుంది, కానీ క్రిములు చచ్చిపోతాయి. ఆ ముక్క ఇక క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పనికిరాదు. మొత్తం ఒకే సీసాలో వేసి ఉంటే అమ్మ మెడ మీద మళ్లీ కత్తి పెట్టవలసి వచ్చేదేమో. ఆ ముందుచూపుకు ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాం.

క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష ఫలితం అన్నిటికన్నా ముందు వచ్చింది. యంత్రంలో పెట్టాక రెండు గంటల్లో తేలిపోయే పరీక్ష అది. క్షయ క్రిమి కనిపించలేదని రాసి ఉంది. క్షయ కాకపోతే ఇక మిగిలింది ఆ పెద్ద జబ్బే కదా అని ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. బయాప్సీ రిపోర్టు గురించి కౌంటర్ దగ్గర ఎప్పుడు అడిగినా "ఇంకా రాలేదు, రేపు రండి" అనేవారు.

అలాంటి సమయంలో ఆ ల్యాబ్‌లో పనిచేసే టెక్నీషియన్ తమ్ముడు మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పాత చీటీ వెనుక బొమ్మ గీసి మరీ చెప్పాడు. గడ్డల్లో క్రిములు తక్కువగా ఉంటాయట, అందుకని సీబీనాట్‌లో కనిపించనంత మాత్రాన క్షయ లేదని తేల్చేయకూడదట. ఇక బయాప్సీ ముక్క ఫార్మలిన్‌లో నానాలి, అందులోని నీరంతా తీసేయాలి, మైనంలో దిమ్మెగా పోయాలి. ఆ దిమ్మెను ఉల్లిపొర కన్నా పలచగా, మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి గాజుపలక మీద పరిచి రంగులు వేస్తారు. అప్పుడు గానీ పాథాలజిస్టు చూడటానికి వీలుండదు. అనుమానం ఉంటే మరో రంగు వేసి మళ్లీ చూస్తారు. "అక్కా, ఆలస్యమైందంటే చెడ్డ రిపోర్టని కాదు. మీది ఇప్పుడు మైనం దగ్గర ఉంది. శుక్రవారం నాలుగు దాటాక ఫోన్ చేయండి, ఈలోగా చేసినా నా దగ్గర కొత్త కబురుండదు" అన్నాడు.

తమ్ముడూ, ఆ మాట మాకెంత మేలు చేసిందో నీకు తెలియదు. శుక్రవారం వరకు మేము ఫోను వంక చూడలేదు. అమ్మ కంటినిండా నిద్రపోయింది. ప్రతి ల్యాబ్ కౌంటర్ దగ్గరా ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి అంటించాలని గట్టిగా అనిపిస్తోంది.

బయాప్సీ రిపోర్టులో గ్రాన్యులోమాలు, అంటే క్షయలో కనిపించే కణాల గుంపులు, ఉన్నాయని, లింఫు గ్రంథుల క్యాన్సరైన లింఫోమా లక్షణాలు లేవని వచ్చింది. మందులు మొదలుపెట్టారు. కల్చర్ మాత్రం మిగిలింది. ద్రవ కల్చర్‌లో ఏమీ పెరగలేదని చెప్పడానికి 42 రోజులు ఆగాలి. చాలా బ్యాక్టీరియా అరగంటలోపే రెట్టింపైతే, క్షయ క్రిమికి 15 నుంచి 20 గంటలు పడుతుందట. గడువు తీరకముందే క్రిమి పెరిగింది, ఏ మందుకు లొంగుతుందో కూడా తేలింది.

ఆ వారాలన్నీ ఎదురింటి పిన్నిగారు సాయంత్రం పూట వచ్చి అమ్మ పక్కన కూర్చునేవారు. రిపోర్టు వచ్చిందా అని ఒక్కనాడూ అడగలేదు. గోంగూర కట్ట ముందేసుకుని ఇద్దరూ ఆకు తుంచుతూ ఎవరి పెళ్లి కబుర్లో చెప్పుకునేవారు. బంధువుల ఫోన్లన్నీ బాబాయి తన మీద వేసుకున్నాడు. అందరికీ అదే జవాబు అమ్మ మళ్లీ మళ్లీ చెప్పవలసిన అవసరం లేకుండా చేశాడు. మా వీధి ఆశా కార్యకర్త మందులతో పాటు మూత్రం నారింజ రంగులోకి మారుతుందని, భయపడవద్దని ముందే చెప్పింది. లేకపోతే ఆ ఉదయం అమ్మ హడలిపోయేది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులకు, పోషకాహారం కోసం నెలకు వచ్చే రూ.1,000కి కాగితాలు పెట్టించిందీ ఆమే.

మొదటి 2 నెలలు నాలుగు మందులు, తరువాత 4 నెలలు మూడు. ఇప్పుడు అమ్మ రెండో విడతలో ఉంది. గడ్డలు కరుగుతున్నాయి, అన్నం అడిగి పెట్టించుకుంటోంది. మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పమంది. పిన్నిగారిని మాత్రం కబుర్లకు రావడం మానవద్దని మరీ మరీ చెప్పమంది.