ఈసారి మీ పడవలు కాస్త ఆలస్యంగా వస్తాయి

కాటలీనా 22 తెరచాప పడవలను మాకు సర్వీసింగ్‌కు ఇచ్చిన అందరికీ ఒక మాట. ఈ సీజన్‌లో స్వింగ్ కీల్ (పడవ అడుగున ఉండే, పైకి మడవగల బరువైన రెక్క) ఉన్న ప్రతి పడవకూ కీల్ పూర్తిగా విప్పి తీసి, అది తిరిగే పిన్ను మార్చాకే అప్పగించాలని నిర్ణయించుకున్నాం. దీంతో ఒక్కో పడవకు రెండు మూడు వారాలు ఎక్కువ పడుతుంది. ఇది పూర్తయ్యేదాకా కొత్త పడవలు తీసుకోం. ఆదాయానికి దెబ్బే, అయినా తప్పదు.

"బాగానే తిరుగుతోంది కదా, ఎందుకు విప్పడం?" అని కొందరు అడిగారు. ఫ్రాంక్ బట్లర్ కాలిఫోర్నియాలో 1969లో తెచ్చిన ఈ పడవ కిటుకంతా ఆ కీల్‌లోనే ఉంది. పొడవు 21.5 అడుగులు, లోపల నలుగురు పడుకోవచ్చు. గాలి పక్కకు నెట్టేయకుండా, ఒరిగినా మళ్లీ నిలబడాలంటే కీల్ లోతుగా దిగాలి. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకోవాలంటే అదే కీల్ పైకి మడవాలి. అందుకే 550 పౌండ్ల పోత ఇనుప కీల్‌ను ఒక్క పిన్ను మీద తిరిగేలా పెట్టారు. దించితే నీటిలో 5 అడుగుల లోతు, ఎత్తితే 2 అడుగులే. మెట్టు దగ్గరున్న చిన్న వించ్ (కీల్‌ను ఎత్తే కేబుల్‌ను చుట్టే చక్రం) తిప్పితే చాలు. 15,000కు పైగా పడవలు తయారయ్యాయంటే ఆశ్చర్యం ఏముంది!

ఆ బరువంతా ఏళ్ల తరబడి మోసేది వేలు లావు పిన్ను. లంగరు వేసి ఉన్నప్పుడు కింద టక్ టక్‌మని వినబడుతుందే, అది కీల్ అటూ ఇటూ కదిలే చప్పుడు. పిన్ను బయటికి తీసి గోరుతో రాస్తే అరిగిన గాడి తగులుతుంది. కీల్‌లో గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోలగా సాగి ఉంటుంది. పడవ నీటిలో ఉండగా పైనుంచి ఎంత చూసినా ఇది తెలియదు. కేబుల్ పరిస్థితీ అంతే. అది తెగితే కీల్ ఒక్కసారిగా కిందపడి అడుగుభాగాన్ని చీల్చవచ్చు. అందుకే కేబుల్ కూడా కొత్తదే వేస్తున్నాం.

ట్రైలర్ మీద ఉన్నప్పుడు మాత్రం కీల్ బరువు కేబుల్‌కు వదలకండి, ట్రైలర్ మీదే ఆనించండి. ఇది మీ చేతిలో పని.

1973 నుంచి వచ్చిన ఫిన్ కీల్ (కదలకుండా బిగించిన కీల్) మోడల్ ఉన్నవారికి ఈ ఆలస్యం లేదు, చెప్పిన తేదీకే ఇస్తాం. మిగతావారిలో అంతకాలం ఆగలేనివారు పడవ తీసుకెళ్లవచ్చు, అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చేస్తాం.