నాలుగు సబ్జెక్టులు, ఒక ప్రశ్న

బుజ్జమ్మకు,

అమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ తీసుకుని, వాటితోపాటు సాహిత్యం, ఎడ్యుకేషన్ పేపర్లు కూడా చదువుతానంటే "ఇంతకీ ఏమవుతావు?" అని కనబడిన ప్రతివాళ్లూ అడుగుతున్నారని రాశావు. మీ మామయ్య నాకూ ఫోన్ చేశాడు. "రెంటికీ చెడ్డ రేవడి అని విన్నాం గానీ, నీ కూతురు నాలుగింటికీ చెడేలా ఉంది" అన్నాడు. మాట బాగుందని నవ్వాను. ఒప్పుకోలేదు. అలాగని పూర్తిగా నీ పక్షమూ మాట్లాడలేదు. ఎందుకో రాస్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో బడిపిల్లలకు పాలు పోసి చూశారు. రోజూ పాలు తాగితే పిల్లలు బాగా ఎదుగుతారా లేదా తేల్చాలని. చిన్నాచితకా ప్రయోగం కాదు. 67 బళ్లు, 20,000 మంది పిల్లలు, నాలుగు నెలలు. పదివేల మందికి రోజుకు ముప్పావు పింటు, అంటే అర లీటరుకి కాస్త తక్కువ, పాలు ఇచ్చారు. మిగతా పదివేల మందికి ఇవ్వలేదు, వాళ్లు పోల్చి చూడడానికి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అందరి ఎత్తూ బరువూ కొలిచారు. ఎవరికి పాలు ఇవ్వాలన్నది చీటీలు తీసి గానీ పేర్ల అక్షరక్రమం చూసి గానీ తేల్చమన్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఒక జట్టులో పుష్టిగా ఉన్నవాళ్లో, నీరసంగా ఉన్నవాళ్లో మరీ ఎక్కువైనట్టు కనిపిస్తే టీచర్లు కొందరిని అటూ ఇటూ మార్చొచ్చని ఒక వెసులుబాటు కూడా ఇచ్చారు.

ఏం జరిగి ఉంటుందో నువ్వే ఊహించు. బక్కచిక్కిన పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. చీటీలో ఆ పిల్ల పేరు రాలేదు. పక్కన బొద్దుగా ఉన్న పిల్లాడి పేరు వచ్చింది. మార్చే అధికారం నీ చేతిలోనే ఉంది. ఇన్నేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి చెబుతున్నా, ఏ టీచరూ ఆ చీటీకి కట్టుబడి కూర్చోదు.

ప్రయోగం మొదలయ్యేసరికే పాలు తాగని జట్టు పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ ముందున్నారు. ఆ తేడా మూడు నాలుగు నెలల ఎదుగుదలంత. దీన్ని ఎత్తి చూపినవాళ్లలో విలియం గాసెట్ ఒకడు. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేస్తూ 'స్టూడెంట్' అనే మారుపేరుతో వ్యాసాలు రాసేవాడు. రెండు జట్ల సగటుల మధ్య తేడా నిజమైనదా, కాకతాళీయమా తేల్చడానికి నువ్వు క్లాసులో చేసే టీ-టెస్ట్ ఆయనదే. 1931లో ఈ పాల ప్రయోగం గురించి ఆయన రాసిన వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చింది బట్టల సంగతి. పిల్లల్ని బట్టలతోనే తూచారు. మొదటిసారి ఫిబ్రవరి చలిలో, రెండోసారి జూన్‌లో. ఉన్నవాళ్ల పిల్లలకు చలికాలపు మందపాటి బట్టలు వేరు, ఎండాకాలపు పల్చటి బట్టలు వేరు. కాబట్టి జూన్ తూకంలో బట్టల బరువు చాలా తగ్గిపోతుంది. లేనివాళ్ల పిల్లలకు చలికైనా ఎండకైనా దాదాపు అవే బట్టలు. పాలు తాగని జట్టులో డబ్బున్నవాళ్ల పిల్లలు ఎక్కువ కాబట్టి, వాళ్లు తక్కువ బరువు పెరిగినట్టు లెక్క తేలుతుంది. అందులో పాల మహిమ ఎంత, బట్టల బరువు ఎంత అన్నది ఇక విడదీయలేం. ఇంత హడావుడి బదులు 50 జతల కవలపిల్లల్ని, అచ్చం ఒకేలా ఉండేవాళ్లని తీసుకుని ఉంటే, ఇందులో ఏ కొంచెం ఖర్చుతోనో ఇంతకన్నా నమ్మదగిన ఫలితం వచ్చేదన్నాడు.

ఇప్పుడు చెప్పు, ఇందులో ఏది ఏ సబ్జెక్టు? చీటీలు ఎందుకు తీయాలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. ఎవరి ఒంటిమీద ఎన్ని బట్టలుంటాయో చూడాలంటే పేదరికం తెలిసి ఉండాలి. టీచరు ఏం చేస్తుందో క్లాసురూంలో కూర్చున్నవాళ్లకి అర్థమవుతుంది. ఇక ఆ మూడింటినీ కలిపి, కాగితం మీది అంకె వెనక చలికి ముడుచుకున్న పిల్లని చూడగలగడం నవలలు శ్రద్ధగా చదివినవాళ్లకి కాస్త తేలికేమో. 'ఏమో' అని ఎందుకన్నానంటే, సాహిత్యం చదివితే మనసు మెత్తబడుతుందని చాలామంది అంటారు గానీ నాకు పెద్ద నమ్మకం లేదు. పుస్తకాల పురుగుల్లోనూ కఠినాత్ముల్ని చూశాను. సాహిత్యం నేర్పేది వేరే. ఈ మాట ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏది చెప్పకుండా దాటేస్తున్నారు అని అడగడం నేర్పుతుంది. డేటాని కూడా అలాగే చదవాలి.

ఇంగ్లండ్‌లో మాథ్యూ ఆర్నాల్డ్ అనే కవి ఉండేవాడు. కవిత్వంతో పూట గడవదు కదా, 1851 నుంచి 35 ఏళ్లు బళ్ల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాడు. 1862లో ప్రభుత్వం ఒక కొత్త పద్ధతి తెచ్చింది. పిల్లల హాజరు ఎంత, చదవడం, రాయడం, లెక్కల పరీక్షల్లో ఎంతమంది గట్టెక్కారు అన్నది చూసి బడికి డబ్బు ఇస్తారు. ఎకనామిక్స్ కళ్లతో చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఫలితం చూపిస్తేనే పైసలు. ఆర్నాల్డ్ మొదటినుంచీ దీన్ని వ్యతిరేకించాడు. 1867 రిపోర్టులో ఆయన రాసింది ఏమిటంటే, తెలివిగా తయారుచేస్తే నిజంగా చదవడం, రాయడం, లెక్క చెయ్యడం రాని పిల్లల్ని కూడా ఆ పరీక్ష గట్టెక్కించవచ్చు, అదే జరుగుతోంది అని. పాస్ పర్సెంటేజీ చూసి మురిసిపోయేవాళ్లకి ఇది కనబడదు. పిల్లవాడు పాఠాన్ని చదువుతున్నాడా, అప్పజెబుతున్నాడా అన్నది పక్కన కూర్చుని వింటేనే తెలుస్తుంది. ఆ పద్ధతిని పూర్తిగా వదిలించుకునేసరికి 1890లు వచ్చాయి.

ఇది పాత సంగతి అనుకోకు. 1990ల్లో కెన్యా పల్లెబళ్లలో పాఠ్యపుస్తకాలు పంచి చూశారు. ఆ పరిశోధకుల్లో మైఖేల్ క్రెమర్ ఒకడు, 2019లో ఎకనామిక్స్ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనా ఉన్నాడు. ఈసారి ఏ బడికి పుస్తకాలు ఇవ్వాలన్నది ఎవరి ఇష్టానికీ వదల్లేదు. పుస్తకాలు ఇస్తే మార్కులు పెరుగుతాయని ఎవరైనా అనుకుంటారు. సగటు పెరగలేదు. అప్పటికే బాగా చదివే పిల్లలు మాత్రం బాగుపడ్డారు. ఎందుకంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకి అది మూడో భాష. సగటు దగ్గర ఆగిపోయి ఉంటే 'పుస్తకాలు దండగ' అనేవాళ్లు. ఏ పిల్లలకి ఉపయోగపడింది, ఎవరికి పడలేదు, ఆ పుస్తకం ఏ భాషలో ఉంది అని తవ్వితే అసలు విషయం బయటపడింది.

అందుకే నీ కలయిక నాకు నచ్చింది. కానీ అన్నీ కలిసి ఒకే పాట పాడతాయనుకుంటే పొరపాటు. చాలాసార్లు కొట్టుకుంటాయి. ఎకనామిస్టుల్నే తీసుకో. గ్యారీ బెకర్ 1964లో చదువు మనిషి మీద పెట్టే పెట్టుబడి అని పుస్తకం రాశాడు, చదువుకుంటే పనితనం పెరుగుతుంది కాబట్టి జీతం పెరుగుతుందన్నాడు. 1973లో మైఖేల్ స్పెన్స్ ఇంకో లెక్క చూపించాడు. చదువు పనితనాన్ని ఒక్క పిసరు కూడా పెంచకపోయినా, 'ఇతను చురుకైనవాడు' అని కంపెనీకి గుర్తు చూపించే డిగ్రీగా పనికొస్తే చాలు, జీతం పెరుగుతుంది అని. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నేను చెప్పిన లెక్కలు ఒట్టి గుర్తింపు కార్డా? అయితే లెక్కలో తప్పు పట్టలేకపోయాను. మనకి నచ్చని వాదనలో తప్పు దొరక్కపోవడం మంచి చదువులో భాగమే, నీకూ ఎదురవుతుంది. నిజజీవితంలో రెండూ కొంత కొంత ఉంటాయి. ఏది ఎంత అన్నది తేల్చడానికి మళ్లీ నీ స్టాటిస్టిక్సే కావాలి.

సాహిత్యాన్ని మిగతా మూడింటికీ పనిమనిషిని చెయ్యకు, అది నా గట్టి మాట. లెక్కలకూ కవిత్వానికీ చుట్టరికం లేదా అంటే ఉంది. రష్యా గణితవేత్త ఆంద్రే మార్కోవ్ 1913లో, తన దేశపు పాత కవి పుష్కిన్ ఎప్పుడో రాసిన యెవ్‌గేనీ అనేగిన్ కావ్యంలో మొదటి 20,000 అక్షరాలు తీసుకుని అచ్చు ఎక్కడ, హల్లు ఎక్కడ అని చేత్తో లెక్కపెట్టాడు. ఒక అక్షరం తర్వాత ఏది వస్తుందన్నది ముందున్న అక్షరం మీద ఎంత ఆధారపడుతుందో చూపించాడు. నీ ప్రాబబిలిటీ పుస్తకంలో ఉన్న మార్కోవ్ గొలుసుల్ని ఆయన నిజమైన రాతకి అన్వయించి చూపించింది అక్కడే. గొప్ప పనే. అయితే ఆ లెక్క చూసి పుష్కిన్‌ని చదివేశాం అనుకోలేం కదా. వారానికి ఒక్క పుస్తకమైనా దేనికీ పనికిరాకపోయినా పర్లేదు అనుకుని చదువు.

ఇక మామయ్య మాటలో నిజం ఎంతుందో కూడా చెప్పాలి. నాలుగు సబ్జెక్టుల్లో నాలుగు పరిచయం కోర్సులు చేసి, నాలుగు సర్టిఫికెట్లు పట్టుకుని బయటికి వస్తే ఆయన చెప్పిందే నిజమవుతుంది. అన్నింటి గురించీ పది నిమిషాలు మాట్లాడగలిగి, పదకొండో నిమిషంలో నీళ్లు నమిలేవాళ్లు ఎంతమంది లేరు! స్టాటిస్టిక్స్‌కి వరస ఉంది, అది దాటవేయడానికి వీల్లేదు. కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా లేకుండా ప్రాబబిలిటీ నిలబడదు, ప్రాబబిలిటీ లేకుండా కొందరిని చూసి అందరి గురించీ తేల్చే ఇన్ఫరెన్స్ అర్థం కాదు, ఇన్ఫరెన్స్ రాకుండా సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఇంకొకటి ఎంత ఆధారపడుతుందో లెక్కగట్టే రిగ్రెషన్ బటన్ నొక్కితే వచ్చేది ఒట్టి కాగితం. ఈ ఒక్కటీ ఎమ్మెస్సీకి పనికొచ్చేంత గట్టిగా చెయ్యి. ఎకనామిక్స్‌లో పీజీ చెయ్యాలన్నా వాళ్లు చూసేది ముందు ఈ లెక్కల పేపర్లే. బడిలో చెప్పాలని ఉంటే చాలా దేశాల్లో విడిగా టీచర్ ట్రైనింగ్ కావాలి, డిగ్రీలో రెండు ఎడ్యుకేషన్ పేపర్లు చదివితే సరిపోదు. ఇవి ఇప్పుడే కనుక్కో, చివరి ఏడాదిలో టెన్షన్ పడకు.

ఇంకొకటి. నాలుగింటినీ పట్టి ఉంచేది ఒక ప్రశ్న ఉండాలి. అది నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు గమనించావో లేదో. అన్నేళ్లు బడికి వెళ్లిన పిల్లలు కూడా ఒక పేజీ తడుముకోకుండా ఎందుకు చదవలేకపోతున్నారు అని రాశావు. మిగతా ఉత్తరమంతా కోర్సుల పేర్లు, ఫీజు, టైంటేబుల్. ఆ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నీ గొంతు వినబడింది. దాన్ని పట్టుకో. ఏ కోర్సు తీసుకోవాలన్నా 'ఈ ప్రశ్నకి దీనివల్ల నాకేం తెలుస్తుంది' అని చూడు. ఏమీ తెలియదనిపిస్తే, పేరెంత ఆకర్షణీయంగా ఉన్నా వదిలెయ్. వీలు దొరికినప్పుడల్లా ఏదో ఒక బడికి వెళ్లి, ఒక పిల్ల పక్కన కూర్చుని, ఆమె చదువుతుంటే విను. ఎక్కడ ఆగుతోంది, ఏ మాట ఊహించి చెప్పేస్తోంది, ఏ వాక్యం దగ్గర నీ మొహం వంక చూస్తోంది, అన్నీ రాసుకో. నీ సర్వే ఫారంలో ఏ ప్రశ్న ఉండాలో అక్కడ తెలుస్తుంది.

రెండో టర్మ్‌లో రిగ్రెషన్, విద్యాచరిత్ర ఒకే గంటలో పడుతున్నాయి, ఏది వదలమంటావని అడిగావు. విద్యాచరిత్ర వదులు. ఆ పుస్తకాలు నువ్వు సొంతంగా చదువుకోగలవు, అర్థం కానివి నన్ను అడుగు. రిగ్రెషన్‌కి మాత్రం బోర్డు మీద చేసి చూపించేవాళ్లు, నీ తప్పులు దిద్దేవాళ్లు కావాలి. మామయ్యకి నేను చెబుతాలే. సాహిత్యం పేపర్‌కి రాసిన వ్యాసం పంపిస్తానన్నావు, ఇంకా రాలేదు. దిద్దుబాట్లతో సహా పంపు, నాన్న కూడా చదువుతానంటున్నారు.

అమ్మ