గట్టున పోసిన బూడిద మట్టి: పురావస్తు శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురావస్తు శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలో, వెలికొండల వారగా ఉన్న ఒక పల్లె రైతును.

మా ఊరి చివర వేపచెట్టు కింద, అమ్మవారి రాళ్ల మధ్య అరచేతిలో ఇమిడే నల్లరాయి ఒకటి ఉంది. ఒక చివర మొద్దుగా, రెండో చివర గొడ్డలి అంచులా పలుచగా ఉంటుంది. ఆ అంచు మీద వేలు ఇప్పటికీ నున్నగా జారుతుంది. పిడుగుతో పడిన రాయి అని పెద్దలు చెబితే విని, చిన్నప్పటి నుంచి దానికీ పసుపు రాసి మొక్కుతున్నాం. అది కొత్తరాతియుగపు మనిషి ఓపికగా బండ మీద నూరి తయారు చేసుకున్న గొడ్డలి అని నాకు నడివయసులో గానీ తెలియలేదు.

నిరుడు వేసవిలో పక్క చేలోని దిబ్బను బత్తాయి తోట కోసం పొక్లెయిన్‌తో చదును చేశారు. అడుగున బూడిదరంగు మట్టి, చేతితో చేసిన మొరటు కుండల పెంకులు, నడిమి అరిగి పల్లంపడిన నూరుడు బండ బయటపడ్డాయి. ట్రాక్టర్లకెత్తి గట్టున పోశారు. ఆ రైతును నేను తప్పుపట్టను. ఫలానా చోట చెప్పాలని ఆయనకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు.

అయ్యా, నా బాధ రాయి గురించి కాదు, ఆ మట్టి గురించి. ఈ కొండలకు అవతల, కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేటల్లో ఆనాటి మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన నలుసులను వడగట్టి చూశారు. మాడి బొగ్గయిన గింజలు దొరికాయి. ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు! సుమారు నాలుగు వేల ఏళ్ల నాటి పంట అది. వాన వెనకబడిన ఏడు నేటికీ మేము చల్లేది ఉలవలే. 1957లో మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరులో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వించిన బూడిద దిబ్బ ఒకప్పటి పశువుల దొడ్డి. పేడ కుప్పలు కాలగా ఏర్పడిన ఆ బూడిద పొరల్లో గిట్టల ముద్రలు సైతం చెదరకుండా ఉన్నాయి. పొక్లెయిన్ ఒక్కసారి తిరగేస్తే ఏ పొర ఏ కాలానిదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఉదయగిరి, సీతారామపురం మండలాల్లో కొండవార పొలాలను ఈ వేసవిలోనే నడిచి చూసే బృందాన్ని పంపండి. గొర్రెల కాపరులను వెంట తీసుకెళ్లమనండి, ఏ మిట్టన పెంకులు తేలాయో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మట్టి నమూనాలు తప్పక తీయించండి. పెంకులు చూపిస్తే పొలం పోతుందన్న భయం మా రైతుల్లో గట్టిగా ఉంది. ఏది జరుగుతుందో, ఏది జరగదో తెలుగులో ఒక కాగితం మీద రాసి ప్రతి గ్రామ సచివాలయంలో అంటించండి. ఈ భయం వల్లనే చూసినవారు నోరు విప్పరు, గుప్తనిధుల వేటగాళ్లు మాత్రం రాత్రిళ్లు తవ్వుకుపోతున్నారు.

వేపచెట్టు కింది గొడ్డలిని మాత్రం మ్యూజియానికి తీసుకెళ్లవద్దు. కొలిచి, ఫొటో తీసి, అక్కడే ఉంచండి. వచ్చే శ్రావణంలో మా ఊరి ఆడవాళ్లు దానికి పసుపు రాయాలి.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంత రైతు