కూలెంట్ ఊరికే తగ్గదు, హెడ్ విప్పేముందు టెస్టు చెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఎండాకాలం కారు జాగ్రత్తలని ఒక పేజీ వేసారు, టైర్లలో గాలి గురించి, ఏసీ గురించి, బ్యాటరీ గురించి రాసింది బావుంది గానీ ఇంజిన్ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్ దగ్గరకొచ్చేసరికి "తగ్గితే పోసుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేసారు. అది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నేను వాల్తేరులో డీజిల్ రైలింజిన్లు బాగుచేసే లోకో షెడ్లో పనిచేసి రిటైరయ్యాను, ఇంజిన్లో నీళ్ళు ఎటు పోతున్నాయో వెతకడం నా పనిలో పెద్ద భాగం, అందుకే ఈ విషయం నాకు చిన్నదిగా కనబడదు.

కార్లో కూలింగ్ సిస్టం మూసేసి ఉంటుందండి. రేడియేటర్, హోస్ పైపులు, వాటర్ పంపు, ఇంజిన్ బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే హెడ్డు, హీటరు, ఆ తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, అన్నీ కలిపి ఒకటే చుట్టు. డబ్బా మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది, లోపల ఒత్తిడి నిలబెడుతుంది. సగం నీళ్ళు సగం గ్లైకాల్ కలిపిన కూలెంట్ మూత లేకుండా అయితే దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మూత బిగించి చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి ఉంటే 125 దాటేదాకా మరగదు. అందులోంచి ఆవిరైపోవడం అంటూ ఉండదు. కూలెంట్ మార్చాక లోపల చిక్కుకున్న గాలి బయటకొచ్చి మొదట్లో ఒకసారి కొంచెం దిగుతుంది, అది మామూలే. ఆ తర్వాత కూడా పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట పెట్టి చూస్తే డబ్బా మీద గీత కంటే కిందకి దిగుతూనే ఉందంటే అది ఎక్కడికో పోతోందన్నమాట. పోసుకుంటూ కూర్చుంటే ఆ దారి పెద్దదవుతుంది.

మా షెడ్లో లోకో నీళ్ళు తాగుతోందని డ్రైవర్ రాస్తే ఎవరూ తేలిగ్గా తీసుకునేవారు కాదు. లూబ్ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్ళేది, కూలింగ్ వాటర్లో కలిపే మందు జాడ ఆయిల్లో తేలిందంటే లోపల ఎక్కడో చిల్లు పడినట్టే, ఇక అక్కణ్ణించి ఒక్కొక్క భాగం తేల్చుకుంటూ పోయేవాళ్ళం. అంత పెద్ద ఇంజిన్‌కైనా ముందు టెస్టు, తర్వాతే స్పానరు. ఇప్పుడు ఊళ్ళో కార్ల సంగతి చూస్తుంటే తిరగబడి నడుస్తోంది. కొన్ని చోట్ల "కూలెంట్ అన్నాక తగ్గదా ఏటి సార్, లీటర్ పోసుకోండి" అని పంపేస్తారు, కొన్ని చోట్ల ఏ టెస్టూ లేకుండానే "హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకీ హెడ్డుకీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దింపాల" అంటారు. ఈ రెంటికీ మధ్యలో గంటా రెండు గంటల్లో అయిపోయే పని ఉంది, అదే ఎవరూ చెయ్యట్లేదు.

మా అల్లుడిది బీఎస్ 4 (ఇప్పటి బీఎస్ 6కి ముందున్న పొగ నిబంధనలు) డీజిల్ బండి. అరకు వెళ్ళొస్తే డబ్బా ఖాళీ అయిపోతోంది, సిటీలో తిప్పితే మటుకు పెద్దగా తగ్గట్లేదు, కింద చుక్క లేదు, ఇంజిన్ ఆయిల్ శుభ్రంగా ఉంది. చూపించిన చోట హెడ్ దింపాలన్నారు, లక్ష దాకా అంచనా ఇచ్చారు. "ఏం చెయ్యమంటారు మావయ్యగారూ" అని ఫోన్ చేస్తే, ఏదీ విప్పనివ్వకు బాబూ, బండి తీసుకుని రా అన్నాను. ఆటోనగర్లో నాకు తెలిసిన ఒక కుర్రాడి దగ్గర ప్రెషర్ టెస్టర్ ఉంది, అక్కడికి తీసుకెళ్ళాం. అక్కడ ఏ వరసలో చూసామో రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మొదట బయట లీకులు. మన వైజాగ్‌లో ఏసీ వేసిన ప్రతి కారు కింద నీళ్ళు కారతాయి కాబట్టి కింద తడి చూసి కంగారు పడక్కర్లేదు, అలాగని అంతా ఏసీ నీళ్ళే అనుకుని వదిలెయ్యకూడదు కూడా. ఏసీ నీళ్ళకి రంగూ వాసనా ఉండవు, కూలెంట్ వేళ్ళకి జిడ్డుగా తగులుతుంది, తియ్యటి వాసనొస్తుంది (వాసన చాలు, నాలిక మీద పెట్టకండి, విషం). చిన్న లీకైతే కింద పడేలోపే వేడి ఇంజిన్ మీద ఎండిపోయి తెల్లగానో గులాబీగానో పొక్కు కట్టి ఉంటుంది, టార్చి వేసి హోస్ క్లిప్పుల దగ్గర, థర్మోస్టాట్ గూడు దగ్గర, వాటర్ పంపు కింద ఉండే చిన్న బెజ్జం దగ్గర, ప్లాస్టిక్ డబ్బా అతుకు దగ్గర ఆ పొక్కు కోసం వెతకాలి. లాసన్స్ బే, రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా బండి పెట్టుకునేవాళ్ళు రేడియేటర్ రెక్కలు కింది వైపు ఇంకా జాగర్తగా చూసుకోవాలి, ఉప్పుగాలికి అక్కడే ముందు తినేస్తుంది. లోపల ముందు సీటు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉండి అద్దం మీద జిడ్డు ఆవిరి పడుతోందంటే హీటర్ కోర్, అంటే లోపల హీటర్ కోసం ఉండే చిన్న రేడియేటర్ అనుమానించాలి, మనం హీటర్ వెయ్యకపోయినా చాలా బళ్ళలో దాంట్లో కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ప్రెషర్ టెస్టు. ఇది చేతిపంపు, మీటరూ ఉన్న చిన్న సామానంతే, డబ్బా మూత తీసి అక్కడ బిగించి మూత మీద ఎంత రాసుందో అంత ఒత్తిడి ఎక్కించి వదిలెయ్యాలి. ముల్లు దిగిందంటే లీక్ ఉన్నట్టే, ఎక్కడ కారుతుందో చూడాలి. కంటికి కనబడకపోతే కూలెంట్లో యూవీ లైటుకి మెరిసే రంగు (యూవీ డై) కలిపి నాలుగు రోజులు తిప్పి ఆ లైటుతో చీకట్లో చూస్తే దారి మెరుస్తుంది. మూతని కూడా ఆ టెస్టర్‌తోనే పరీక్షించొచ్చు, మూతలో స్ప్రింగు నీరసపడి తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటే ఘాట్ రోడ్డులో కూలెంట్ బయటకి తోసేస్తుంది, కొన్ని వందల రూపాయల మూత కోసం హెడ్ దింపిన బళ్ళున్నాయి అంటే మీరు నమ్మాలి.

హెడ్ గ్యాస్కెట్ అనుమానం ఉంటే దానికీ గుర్తులున్నాయి. రాత్రంతా ఆపిన బండి పొద్దున్నే స్టార్ట్ చేసి నిమిషంలోపు పై హోస్ పిసికి చూడండి, రాయిలా గట్టిపడిందంటే నీళ్ళు అంత తొందరగా వేడెక్కవు కదా, మరి ఆ ఒత్తిడి ఎక్కడిది, సిలిండర్లోంచి గ్యాస్ నీళ్ళలోకి వస్తోందన్నమాట. డీజిల్‌లో కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలిని నొక్కడం ఎక్కువ, 16కి 1, 18కి 1 అలా ఉంటుంది కాబట్టి చిన్న సందు దొరికినా గట్టిగా తోస్తుంది. దీన్ని ఖాయం చేసుకోడానికి నీలం రంగు మందుతో గ్యాస్ టెస్టుంది, డబ్బాలో గాలి దాంట్లోంచి పీలిస్తే మండిన గ్యాస్ ఉంటే రంగు మారుతుంది. డీజిల్ ఇంజిన్ ఐడిల్లో (బండి కదలకుండా ఊరికే తిరిగేటప్పుడు) గాలి ఎక్కువ పీల్చి గ్యాస్ పలచగా వదుల్తుంది, అందుకని పెట్రోల్ బండికి చేసినట్టు ఊరికే స్టార్ట్ చేసి చూస్తే తప్పించుకుపోతుంది, బండిని బాగా తోలి వేడెక్కించి లోడ్ పడ్డాక చెయ్యాలి. ఆయిల్ గేజు పుల్ల తీసి చూడ్డం కూడా మర్చిపోకూడదు, ఆయిల్ మజ్జిగ రంగుకి తిరిగినా, డబ్బాలో నల్లగా నూనె తేలినా ఆయిల్ కూలర్ గానీ గ్యాస్కెట్ గానీ పోయినట్టు.

అల్లుడి బండికి ఇవన్నీ చేసాం. బయట పొక్కు లేదు, మూత బావుంది, హోస్ గట్టిపడట్లేదు, గ్యాస్ టెస్టులో రంగు మారలేదు, చల్లటి ఇంజిన్ మీద ప్రెషర్ కూడా నిలబడింది. అయినా తగ్గుతోంది. ఇక్కడికొచ్చాకే చాలామంది చేతులెత్తేసి హెడ్ దింపమంటారు, నేనీ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఈ చోటు గురించే.

డీజిల్ బళ్ళలో ఈజీఆర్ కూలర్ అని ఒకటుంటుంది. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి సైలెన్సర్ వైపు పోయే గ్యాస్‌లో కొంత మళ్ళీ ఇంజిన్లోకి పంపుతారు, వందల డిగ్రీల వేడిలో ఉన్న ఆ గ్యాస్‌ని ముందు చల్లార్చాలి కదా, అది ఈ కూలర్ పని, లోపల సన్నటి గొట్టాల్లో గ్యాస్, బయట కూలెంట్. వేడెక్కడం చల్లారడం, వేడెక్కడం చల్లారడం, ఏళ్ళ తరబడి ఇలా అయ్యేసరికి ఏదో ఒక అతుకు పగులుతుంది. ఆ పగులు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని వేడికి తెరుచుకునేది కూడా కావచ్చు, అందుకే చల్లటి ఇంజిన్ మీద టెస్టు చేస్తే దొరకదు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలయ్యి అనంతగిరి మీదుగా ఎక్కే ఎక్కుడంతా ఇంజిన్ మీద బరువే, కూలెంట్ వేడీ ఒత్తిడీ రెండూ పైన ఉంటాయి, సిటీలో పడని చుక్క అక్కడ పడుతుంది. కారిన కూలెంట్ నేల మీద పడదు, ఆయిల్లో కలవదు, ఇంజిన్లోకో సైలెన్సర్లోకో పోయి ఆవిరై వెళ్ళిపోతుంది. వేడి మీద బండి ఆపాక లోపల ఒత్తిడికి కాసేపు కారి, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ ఒక్క దమ్ము వస్తుంది, తియ్యటి వాసనతో. డిసెంబర్లో అరకులో తెల్లారగట్ల ప్రతి బండికీ ఆవిరొస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, మన ఊళ్ళో ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తోందంటే మాత్రం చూపించాల్సిందే.

కూలర్ విప్పించి, రెండు మూతులు మూయించి, వేణ్ణీళ్ళ టబ్బులో ముంచి గాలి కొట్టించాం. బుడగలు వరసగా వచ్చాయి. కూలర్ మార్చాక మళ్ళీ అరకు వెళ్ళొచ్చారు, డబ్బాలో గీత కదల్లేదు. ఖర్చు హెడ్ పనికి చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు. హెడ్ దింపి ఉంటే చాలా బళ్ళలో టైమింగ్ చైన్ ఊడదియ్యాలి, హెడ్ బోల్టులు కొత్తవి వెయ్యాలి, హెడ్ అడుగుభాగం చదును చేయించడానికి (ఫేసింగ్‌కి) పంపాలి, ఇంతా చేసి బండి బిగించాక కూలెంట్ మళ్ళీ తగ్గేది.

ఇది వదిలేస్తే ఏమవుతుందో ఊహించి చెప్పక్కర్లేదు. 2018లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరసగా తగలబడ్డాయి, కంపెనీ ఆ దేశంలో లక్ష పైచిలుకు బళ్ళు వెనక్కి పిలిపించింది, ఆ ఏడాదే ప్రపంచం మొత్తమ్మీద ఇంకా లక్షల బళ్ళని అలా వెనక్కి పిలవాల్సొచ్చింది. కారణం ఈజీఆర్ కూలర్లోంచి కూలెంట్ కారి మసితో కలిసి పేరుకుని వేడి గ్యాస్‌కి అంటుకోవడం. మంట రాకపోయినా, కారింది సిలిండర్లో నిలబడిపోతే స్టార్ట్ చేసినప్పుడు పిస్టన్ నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, బీఎస్ 6 బండైతే సైలెన్సర్లో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ కూడా పాడవుతుంది. డాష్‌బోర్డులో ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్ళు ఒకటి గమనించండి, ఇప్పటి బళ్ళలో చాలావాటికి ఆ ముల్లు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా కదలకుండా సెట్ చేస్తారు, కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ గాల్లో ఉంటే అది వేడిని సరిగ్గా చూపించదు కూడా.

కొందరు ఈజీఆర్‌కి ప్లేటు వేసి మూసేస్తామంటారు, ఒప్పుకోకండి. ప్లేటు ఆపేది గ్యాస్‌ని, కూలెంట్ కారడాన్ని కాదు, పైగా పొగ నిబంధనలు తప్పినట్టు. లీక్ ఆపే పొడులు, వెనకటికి లారీలవాళ్ళు రేడియేటర్లో వేసిన పసుపు, ఇవి దారిలో చిక్కుకుపోయినప్పుడు ఇల్లు చేరడానికి పనికొస్తే రావచ్చు, వేసి మర్చిపోతే హీటర్ కోర్, రేడియేటర్ సన్నగొట్టాలు పూడుకుపోతాయి. బోరు నీళ్ళు అసలు పొయ్యొద్దు, బీచ్ వైపు బోరు నీళ్ళైతే మరీను, ఈ కూలర్లు లోపల్నించి తినెయ్యడానికి అదీ ఒక కారణం. కూలెంట్ రంగు చూసి కొనడం కూడా మానాలి, రంగుకి ఏ లెక్కా లేదు, మీ బండి పుస్తకంలో ఏ రకం రాసారో అదే, రకాలు కలిపితే గడ్డ కట్టేవి ఉన్నాయి.

ఎడిటర్ గారూ, మీ ద్వారా రెండు విన్నపాలు. కూలెంట్ తగ్గుతోందని వచ్చిన బండికి హెడ్ దింపే ముందు ప్రెషర్ టెస్టు, గ్యాస్ టెస్టు, ఈజీఆర్ కూలర్ టెస్టు చేసి ఏం తేలిందో జాబ్ కార్డు మీద రాసివ్వడం మన ఊరి గ్యారేజీలు అలవాటు చేసుకోవాలి, కస్టమర్లు కూడా అది లేకుండా సంతకం పెట్టకూడదు. రెండోది, కంచరపాలెం ఐటీఐ లాంటి చోట్ల చదివే పిల్లలకి ఇంజిన్ విప్పడం బిగించడంతో పాటు ఈ వెతికే వరస కూడా చేత్తో చేయించండి. అడిగితే వచ్చి నేర్పడానికి నాలాంటి రిటైరైనవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నాం, డబ్బులేం అక్కర్లేదు.

ఇంకో మాట, ఇది పిల్లలున్న ఇళ్ళకి. మిగిలిన కూలెంట్‌ని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకండి, తియ్యగా ఉంటుంది, కొంచెం తాగినా కిడ్నీలు పోవచ్చు, మొదట్లో మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆగకుండా కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికో తీసుకుపోవాలి. తీసేసిన పాత కూలెంట్ కాలవలో పోస్తే వీధి కుక్కలు తాగి చచ్చిపోతాయి, డబ్బాలో పట్టించి వర్క్‌షాపులోనే ఇచ్చెయ్యండి. వేడి ఇంజిన్ మీద మూత ఎప్పుడూ తియ్యకండి, పూర్తిగా చల్లారేదాకా ఆగండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ డీజిల్ షెడ్ ఉద్యోగి,
మర్రిపాలెం, విశాఖపట్నం