కొండకు మూత పెట్టలేము, ఊరిని కాపాడుకోగలము

సంపాదకులకు,

అయ్యా,

2025 నవంబరులో ఇథియోపియాలోని హైలీ గుబ్బి అగ్నిపర్వతం పేలి, దాని బూడిద ఎర్ర సముద్రం దాటి ఢిల్లీ ఆకాశం దాకా వచ్చి విమానాలకు అడ్డుపడిన నాటి నుంచి మా దేవరకొండలోనూ ఒక ప్రశ్న వినబడుతున్నది: చంద్రుడి మీద దిగిన మనిషి ఒక కొండను పేలకుండా ఆపలేడా? మా దగ్గరి బడిలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు మట్టికొండలో వంటసోడా పోసి, రంగు కలిపిన నిమ్మరసం వంచి ఎర్రటి నురుగు పొంగించి, దాని నోటికి తడిగుడ్డ అడ్డంపెట్టి, “ఇట్ల మూస్తే ఆగదా సార్?” అని నన్నే అడిగాడు.

ఆగదు. కరిగిన రాతిలో నీటి ఆవిరి, ఇతర వాయువులు గోలీసోడాలో గ్యాసు ఉన్నట్టు ఇమిడి ఉంటాయి. ఆ రాయి పైకి వచ్చేకొద్దీ మీది ఒత్తిడి తగ్గి అవి విడివడతాయి. దారి మూసుకుపోతే ఒత్తిడి లోపలే పెరిగి, చివరికి మూతతో సహా ఎగిరిపోతుంది. అయితే బోరు వేసి ఆ ఒత్తిడిని ముందే వదిలించవచ్చు కదా అని బోర్ల మీదనే బతికే మన జిల్లావాళ్లకు తోచడం సహజం. ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 2009లో, భూగర్భ వేడితో కరెంటు తీయడానికి వేస్తున్న బోరు సుమారు 2,100 మీటర్ల లోతున, అంటే దాదాపు ఏడు వేల అడుగుల దగ్గర, నిజంగానే కరిగిన రాతికి తగిలింది. కొండ పేలనూ లేదు, దాని ఒత్తిడి తీరనూ లేదు. బోరులోకి వచ్చిన కాస్త రాయి చల్లబడి గాజులా బిగుసుకుంది. ఘనపు కిలోమీటర్లలో కొలవవలసిన రాశికి జానెడు రంధ్రం ఏ మూలకు?

బయటపడ్డ తర్వాత మాత్రం మనిషి చేతికి కొంత పని ఉంది. 1973లో ఐస్‌లాండ్‌లోని హైమే దీవిలో లావా ఓడరేవు నోటిని మూసేయబోతుంటే, అక్కడివారు మోటార్లు పెట్టి నెలల తరబడి సముద్రపు నీళ్లు కొట్టి దాని అంచును గట్టిపరిచారు. వందల ఇళ్లు పోయినా రేవు దక్కింది. 1669లో ఇటలీలోని కటానియా వాసులు ఎట్నా లావాకు గండికొట్టి పక్కకు మళ్లించబోతే, అది తమ మీదికి వస్తుందని పటెర్నో ఊరివాళ్లు ఆయుధాలతో వచ్చి అడ్డుకున్నారు. కాలువ నీళ్ల దగ్గర తగాదాలు చూసిన మనకు ఇది వింతగా తోచదు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇండోనేషియాలోని కెలుద్ కథ. ఆ కొండ బిలంలో చెరువు ఉండేది. 1919లో కొండ పేలినప్పుడు ఆ నీరు బూడిదతో కలిసి బురద వరదై దిగి ఐదు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటి డచ్చి ఇంజనీర్లు కొండ జోలికి పోకుండా, మన చెరువులకు తూములున్నట్టు, బిలం గోడకు సొరంగం తొలిచి నీటిమట్టం తగ్గించారు. 1951లో మళ్లీ పేలినప్పుడు చనిపోయినవారు ఏడుగురే. కానీ ఆ పేలుడుతో బిలం అడుగు లోతై, సొరంగాలు పాడై, నీరు మళ్లీ నిండింది. 1966లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. తూము కట్టడం ఒక పని, దాన్ని చూసుకుంటూ ఉండడం ఇంకొక పని.

ఇక ముందు తెలుసుకోవడం. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతుబో పేలకముందే భూకంపాలను, వాయువులను గమనిస్తూ వచ్చిన శాస్త్రజ్ఞుల మాట విని వేలాది మందిని ఖాళీ చేయించారు. దానికి ఆరేళ్ల ముందు, 1985 నవంబరు 13న, కొలంబియాలోని నెవాడో డెల్ రూయిజ్ శిఖరం మీది మంచు ఒక చిన్నపాటి పేలుడుకే కరిగి, బురద రెండున్నర గంటలకు అర్మెరో పట్టణాన్ని చేరి, ఇరవై వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ బురద ఎక్కడికి వస్తుందో చూపే పటం నెల ముందే తయారై ఉంది. రెండున్నర గంటల్లో ఆ జనం కాలినడకన మిట్టకు ఎక్కగలిగేవారు.

మనది కోట్ల ఏళ్లుగా చల్లబడి ఉన్న గట్టి రాతి నేల. దేశంలో ఇప్పుడు క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒక్కటే. అక్కడ జననివాసం లేదు. కనుక ఈ పాఠం మన పిల్లలకు ప్రదర్శనల్లోనే అందాలి. ఆ మట్టికొండ చుట్టూ నేను చూసినంతలో ఎన్నడూ ఒక్క ఇల్లు కూడా లేదు. నురుగు ఎంత ఎత్తు లేచిందన్నదానికే బహుమతి. మన జిల్లాల విద్యాశాఖ అధికారులు రాబోయే ప్రదర్శనల న్యాయనిర్ణేతలకు ఒక సూచన ఇవ్వాలని కోరుతున్నాను: కొండ కింద ఊరెక్కడ, బురద ఏ వాగు వెంట వస్తుంది, ఆ ఊరికి కబురు ఎవరు చెబుతారు అని పిల్లలను అడగాలి, మార్కులు దానికి వేయాలి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా