కృష్ణకు ఈవలి ఒడ్డు: ఒక సవరణ

సంపాదకులు గారికి, నమస్కారం.

విప్లవాలూ సామ్రాజ్యాలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ నడిచిన యుగం గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. 1789 నాటి పారిస్ సంగతులను అంత ఓపికగా విడమరచి చెప్పిన రచయిత, తెలుగు నేల దగ్గరకు వచ్చేసరికి కోస్తా, రాయలసీమలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, నైజాం ఇలాకాకు ఆ కాలపు గాలి సోకనే లేదని ఒక్క వాక్యంతో తేల్చేశారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, అందులోనూ కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి కనుక ఆ వాక్యాన్ని దాటి ముందుకు పోలేకపోయాను. ఈ సవరణకు మీ పత్రికలో చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

నల్గొండ నుంచి హైదరాబాదు వెళ్లే బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మూసారాంబాగ్ వస్తుంది. మన జిల్లాల విద్యార్థులు, కూలీలు, రోగులు, కోర్టు పక్షులు రోజూ ఆ పేరు వింటూనే ఉంటారు. ఆ మూసా రాం ఒక ఫ్రెంచి సైనికాధికారి. అసలు పేరు రేమండ్. హిందువుల నోట మూసా రాం అయ్యాడు, ముస్లింల నోట మూసా రహీం అయ్యాడు. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం అలీఖాన్ ఓడిపోయినప్పుడు ఈస్టిండియా కంపెనీ చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆ కోపంతో నిజాం కంపెనీ పటాలాలను పంపించి వేసి రేమండ్ దళాన్ని పెంచుకున్నాడు. దాదాపు 14,000 మంది ఉన్న ఆ దళం ఫ్రెంచి రిపబ్లిక్ జెండాను మోసింది. సిపాయిల అంగీ గుండీల మీద స్వేచ్ఛకు గుర్తయిన విప్లవ టోపీని చెక్కించారు. పారిస్‌లో రాజు తల తెగిన నాలుగైదేళ్లకే మలక్‌పేట పరిసరాల్లో ఆ గుండీలు తిరిగాయంటే, ఆ గాలి సోకలేదని ఎలా అంటాం? ఆ గుండీ తొడుక్కున్న సిపాయికి దాని అర్థం ఎవరైనా చెప్పి ఉంటారని మాత్రం నేను అనుకోను.

రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. కొద్ది వారాలకే వెల్లస్లీ గవర్నర్ జనరల్‌గా దిగాడు. ఆ జులైలో నెపోలియన్ ఈజిప్టులో అడుగుపెట్టాడు. ఫ్రెంచివారు ఎర్ర సముద్రం మీదుగా వచ్చి శ్రీరంగపట్నంలోని టిప్పు సుల్తానుతో కలుస్తారన్న భయం కంపెనీకి నిజంగా ఎంత ఉండేదో గానీ, హైదరాబాదును గుప్పిట్లోకి తెచ్చుకోవడానికి మాత్రం ఆ భయం చక్కగా పనికొచ్చింది. సెప్టెంబరు 1న సైన్య సహకార ఒప్పందం కుదిరింది. కంపెనీ సిపాయిలు ఆరు వేల మంది నిజాం ఖర్చుతో హైదరాబాదులోనే ఉంటారు, అందుకు ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబరు 22న ఆ దళం ఆయుధాలు కింద పెట్టింది. జీతాల బకాయిలు రాక అంతకుముందే సిపాయిలు తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉండడం కంపెనీకి కలిసొచ్చింది. విప్లవ జెండా కింద జరిగిన ఆ తిరుగుబాటు జీతం కోసం జరిగిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా నమ్మదగ్గ ఘట్టం అదే.

ఇక మన జిల్లాల మాటకు వస్తాను. నిజాం ప్రతి ఏడూ నగదు చెల్లించడం కష్టమని, 1800 అక్టోబరులో మరో ఒప్పందం రాసుకున్నారు. మైసూరు యుద్ధాల్లో 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన భూములన్నిటినీ నిజాం కంపెనీకి ధారపోశాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు అలా దత్తమండలాలయ్యాయి. సరిహద్దు చిక్కులు లేకుండా తుంగభద్రను, అది కృష్ణలో కలిసిన తరువాత కృష్ణను హద్దుగా పెట్టుకున్నారు. అంతకుముందే 1766 నాటి ఒప్పందంతో కోస్తాలోని సర్కారు జిల్లాలు పోయాయి. వాటిలో చివరిదైన గుంటూరు 1788లో కంపెనీ చేతికి చిక్కింది. అలా ఆ ఏళ్లలో వాడపల్లి సంగమం దగ్గర నిలబడి అవతల పల్నాడును చూసే నల్గొండ వాడికీ, అలంపురం మెట్ల మీద నిలబడి తుంగభద్రకు ఆవల చూసే పాలమూరు వాడికీ కళ్లెదుటి నేల పరాయి ఏలుబడి అయింది. కర్నూలు నవాబు సంస్థానం ఒక్కటే కంపెనీ నీడలో మరో 39 ఏళ్లు నిలిచి, 1839లో అదీ కలిసిపోయింది. అప్పటిదాకా పశువుల సంతకూ పెళ్లి సంబంధాలకూ పుట్టి ఎక్కి దాటే నది, ఎక్కడో కూర్చున్నవాళ్లు కాగితం మీద గీసిన గీతగా మారింది. మన సంస్కృతికి సంబంధించినంతవరకు 1789 కన్నా, 1857 కన్నా పెద్ద సంవత్సరం 1800 అని నా అభిప్రాయం.

ఆవలి ఒడ్డున థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. పాలెగాళ్లను తొలగించి, పొలాలు కొలిపించి, రైతు పేరున శిస్తు నిర్ణయించాడు. ఆ శిస్తు తేలికైనదేమీ కాదు. వెళ్లిపోయే ముందు దాన్ని నాలుగో వంతు తగ్గించమని ఆయనే సిఫారసు చేశాడు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాక పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న వాళ్లున్నారు. ఈవలి ఒడ్డున గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు 1949లో జాగీర్లు రద్దయ్యే దాకా చెక్కుచెదరలేదు. ఒక్క మాట చూడండి. ఆ ఒడ్డున ‘దొర’ అంటే మన్రో దొర, అంటే తెల్లవాడు. ఈ ఒడ్డున ‘దొర’ అంటే మన భాషే మాట్లాడే, మన ఊళ్లోనే గడీ కట్టుకున్న దేశ్‌ముఖ్. ఆవలి ఒడ్డువాడు దొరను ఎదిరిస్తే అది స్వాతంత్ర్య పోరాటంగా పుస్తకాలకెక్కింది. ఈవలి ఒడ్డువాడు దొరను ఎదిరిస్తే, దాన్ని ఏ పేరుతో పిలవాలన్న విషయంలో హైదరాబాదు భారతదేశంలో కలిసిన ప్రతి సెప్టెంబరు 17న నేటికీ తగవులాడుకుంటున్నాం.

వ్యాసకర్త అనుకున్నట్టు సామ్రాజ్యం మన మీద నుంచి పక్కకు తొలగిపోలేదు. అది పాత అధికారానికి వెనక నిలబడి దాన్ని పడిపోనివ్వలేదు. కంపెనీ పటాలాల ఖర్చు, దానికి తోడు ఇంగ్లిషు అధికారుల కింద నడిచిన కంటింజెంటు అనే మరో సైన్యం ఖర్చు, పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర తెచ్చిన అప్పుల వడ్డీ, అన్నీ కలిసి నిజాం మంత్రి చందూలాల్ పెత్తనం నడిచిన కాలానికి ఖజానాను ఊడ్చేశాయి. ఆ బాకీ తీర్చడానికి సర్కారు జిల్లాల మీద నిజాముకు ఏటా రావలసిన ఏడు లక్షల పేష్కష్‌ను, అంటే కప్పాన్ని, 1823లో ఒక కోటీ 16 లక్షల పైచిలుకుకు శాశ్వతంగా వదులుకున్నారు. 1853లో కంటింజెంటు బాకీ కింద బేరారు పోయింది. చేతిలో డబ్బు లేని ప్రభుత్వం పరగణాల శిస్తు వసూలును గుత్తకిచ్చింది. గుత్తేదారు ఎవరి దగ్గర ఎంత పిండుకున్నా అడిగే నాథుడు లేడు. ఎవరి మీద తిరగబడాలో రైతుకు పాలుపోని ఏర్పాటు అది. వసూలు చేసేవాడు గుత్తేదారు, హక్కు నిజాముది, చివరకు సొమ్ము చేరేది కంపెనీకి. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాన్ అయ్యాక గుత్తలు తీసివేయించి, 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించే జిల్లాబందీ అమలు చేసి, ఆ తర్వాత బొంబాయి పద్ధతిలో భూముల సర్వే మొదలుపెట్టించాడు. అది మంచి పనే, కాదనను. కానీ అప్పటికే బలిసిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు వతనులనే వంశపారంపర్య హక్కులతోనూ పట్టాలతోనూ నిలదొక్కుకున్నారు.

ఈ గీత ఇళ్లలోకి ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి మా ఇల్లే చాలు. మా నాయనమ్మ పుట్టిల్లు నదికి ఆవల కర్నూలు జిల్లాలో. సోమశిల రేవులో పుట్టి దిగి కొల్లాపూరుకు కోడలిగా వచ్చింది. ఆమెకు ఊరి అధికారులంటే మునసబు, కరణం. మా తాతకు మాలీ పటేలు, పట్వారీ. ఆమెకు పొలం కాగితం అడంగల్, ఆయనకు పహాణీ. ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నవి ఇంగ్లిషువారి కల్దారు రూపాయలు. ఇక్కడ సంతలో చెల్లేవి నిజాం నాణేలైన హాలీ సిక్కా. వంద కల్దార్లకు సుమారు 116 హాలీ రూపాయలు కాబట్టి పుట్టింటి డబ్బు మార్చిన ప్రతిసారీ ఇద్దరికీ మాటా మాటా వచ్చేదట. చదువూ అంతే. ఆవలి ఒడ్డున కోర్టుకెక్కాలంటే ఇంగ్లిషు కావాలి. ఈవలి ఒడ్డున మొదట ఫారసీ, 1884 నుంచి ఉర్దూ. ఇంట్లో మాట్లాడే తెలుగు రెండు ఒడ్లనా కచేరీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మన వైపు మార్పు మొదట భాష రూపంలోనే రావడానికి కారణం అదే అని నేను నమ్ముతాను. 1857 జులై 17న తుర్రేబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో కోఠిలోని ఇంగ్లిషువారి రెసిడెన్సీ మీద జరిగిన దాడి సాహసోపేతమైనదే, కానీ అది పట్నం దాటి పల్లెకు పాకలేదు. పల్లెకు పాకినది మరొకటి. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి ఏడే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్గొండ నుంచి నీలగిరి పత్రికను వెలువరించారు. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. దాని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో పుట్టి, చదువు కోసం నది దాటి కర్నూలు వెళ్లి వచ్చినవాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల వివరాలతో 1934లో ఆయన ఒక సంచికనే అచ్చువేయించారు. సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అమలులో ఉన్న రోజుల్లోనే, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. 1944 నాటి భువనగిరి సభ, 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య మరణం, ఆ తరువాతి పోరాటం మీ పాఠకులకు తెలిసినవే.

ఒక పోలిక చెప్పి ముగిస్తాను. 1793 నాటి పారిస్‌లో ‘దొరవారూ’ అనే అర్థమిచ్చే పిలుపును మానిపించి, ఎంతటివాణ్ణయినా ‘పౌరుడా’ అని పిలవాలన్నారు. మన దగ్గర ‘నీ బాంచెన్ దొరా’ అన్న పిలుపు పల్లెల్లో తెగిపోవడానికి మరో నూట యాభై ఏళ్లు పట్టింది. అది తెంచినవాళ్లలో పాలకుర్తి ఐలమ్మ ఒకరు. ఆమె ఊరు అప్పట్లో నల్గొండ జిల్లాలోదే. 1798 ఒప్పందాన్ని చేతికి తెచ్చిన కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) కిర్క్‌పాట్రిక్ కోఠిలో కట్టించుకున్న భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. వ్యాసకర్త తమ తదుపరి రచనలో ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూడాలని నా మనవి.

మీకు మరొక విన్నపం. మీ జిల్లా పేజీల్లో నెలకొకసారైనా నదికి రెండు ఒడ్లనా ఉన్న ఊళ్ల పాత కాగితాలు, పాత లెక్కలు, సంస్థానాల రసీదులు పరిచయం చేసే శీర్షిక నడపండి. శ్రీశైలం జలాశయం కింద మా వైపు ఎన్నో ఊళ్లూ రేవులూ మునిగాయి. వాటి కాగితాలు మాత్రం ఇంకా కొన్ని ఇళ్లలో అటకల మీద ఉన్నాయి. హాలీ, కల్దారు లెక్కలు రెండూ ఎదురెదురుగా రాసి ఉన్న మా తాతగారి చిట్టా పుస్తకాలు రెండు నా దగ్గర ఉన్నాయి. మీ విలేకరి ఎవరైనా కొల్లాపూరు వస్తే చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. రెండో పుస్తకానికి చెదలు పట్టింది కాబట్టి వానాకాలంలోపే వస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపన్యాసకుడు,
కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ జిల్లా.